బ్రోకర్ స్టేట్‌మెంట్ నుంచి కాపిటల్ గెయిన్స్ లెక్క తీసే సాఫ్ట్‌వేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ నెల వచ్చిందంటే చాలు, మా బంధువుల వాట్సాప్ గ్రూప్‌లో పీడీఎఫ్‌ల వాన మొదలవుతుంది. "అన్నయ్యా, ఇది కాస్త చూసి పెట్టు", "బావా, ఈ లెక్కకీ ఆ లెక్కకీ పొంతన లేదేంటి?" అని. షేర్లు, ఫండ్లు అమ్మితే వచ్చే లాభం (కాపిటల్ గెయిన్స్) లెక్క గురించి అందరికీ చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను సీఏని కాను, పదేళ్లుగా నా లెక్కలతో పాటు ఇంట్లో వాళ్ల లెక్కలూ చేస్తూ దెబ్బలు తిన్నవాణ్ని, అంతే. ఇక్కడ చెప్పే రేట్లు, సెక్షన్లు మన దేశంలో ఉండేవాళ్లకి, 2024-25, 2025-26 ఆర్థిక సంవత్సరాలకి. 1 ఏప్రిల్ 2026 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కానీ, 2025-26 ఆదాయానికి వేసే రిటర్న్ మాత్రం పాత 1961 చట్టం ప్రకారమే.

బ్రోకరే ట్యాక్స్ పీ అండ్ ఎల్ (పన్ను కోసం తీసే లాభనష్టాల రిపోర్ట్) ఇస్తున్నాడు కదా, మళ్లీ వేరే సాఫ్ట్‌వేర్ ఎందుకు?

చాలామందికి అక్కర్లేదు. ఒకే బ్రోకర్, ఒకే డీమ్యాట్ ఖాతా (షేర్లు ఉండే ఖాతా), అన్నీ అక్కడే కొని అక్కడే అమ్మారు, మధ్యలో డీమెర్జర్ (కంపెనీలో ఒక భాగం విడిపోయి వేరే కంపెనీ కావడం) లాంటి గొడవేమీ లేదు అంటే జెరోధా కన్సోల్‌లోనో గ్రో రిపోర్ట్స్‌లోనో దొరికే ఎక్సెల్ ఫైలే సరిపోతుంది. అదనంగా డబ్బు పెట్టి ఏదీ కొనకండి.

ఇబ్బంది ఎక్కడంటే, బ్రోకర్‌కి తన దగ్గర జరిగిన లావాదేవీలే తెలుసు. వేరే ఖాతా నుంచి తెచ్చుకున్న షేర్లు, నాన్నగారి నుంచి వచ్చిన షేర్లు, కంపెనీ తన ఉద్యోగులకి ఇచ్చిన షేర్లు (ఈసాప్‌లు) ఇవన్నీ అతని లెక్కలో ఏదో ఒక తేదీన గాల్లోంచి ఊడిపడ్డట్టు కనిపిస్తాయి. అమ్మిన ధర ఎవరైనా చెప్తారు, కొన్న ధర, కొన్న తేదీ చెప్పేవాడే కావాలి. ఈ పేజీలో మిగతాదంతా ఆ రెండింటి గురించే అనుకోండి.

ఏ స్టేట్‌మెంట్ దించుకోవాలి? నాలుగైదు రకాలు కనిపిస్తున్నాయి.

షేర్లకి బ్రోకర్ ఇచ్చే ట్యాక్స్ పీ అండ్ ఎల్, దాంతోపాటు ట్రేడ్‌బుక్ (ప్రతి కొనుగోలు, అమ్మకం జాబితా). రెండూ ఎక్సెల్‌లో లేదా సీఎస్‌వీలో తీసుకోండి. పీడీఎఫ్ దించుకుని దాన్ని మళ్లీ ఎక్సెల్‌గా మార్చడానికి ఒక పూట తగలేసినవాళ్లని చూశాను, పక్కనే ఎక్సెల్ బటన్ ఉండగా.

మ్యూచువల్ ఫండ్స్‌కి, వాటి రికార్డులు చూసే సంస్థలు క్యామ్స్, కేఫిన్‌టెక్ కలిపి ఇచ్చే సీఏఎస్ (అన్ని ఫండ్ల ఉమ్మడి స్టేట్‌మెంట్). క్యామ్స్ చెన్నైది, కేఫిన్‌టెక్ మన హైదరాబాద్‌దే. దీన్ని అడిగేటప్పుడు సమ్మరీ కాదు, డీటెయిల్డ్ ఎంచుకోండి. తేదీ ఈ ఆర్థిక సంవత్సరం నుంచి కాకుండా మీరు మొదటి సిప్ (నెలనెలా కట్టే వాయిదా) కట్టిన రోజుకంటే ముందు నుంచి పెట్టండి, బ్యాలెన్స్ సున్నా అయిన ఫోలియోలు (ఫండ్ ఖాతాలు) కూడా కలపండి. 1 ఏప్రిల్ నుంచి మాత్రమే తీస్తే అమ్మకాలు వస్తాయి కానీ 2019లో కొన్న యూనిట్ల ధర రాదు. సాఫ్ట్‌వేర్ తప్పు లెక్క ఇస్తోందని తిట్టుకునే సందర్భాల్లో ఎక్కువ ఇదే.

డీమ్యాట్ షేర్ల రికార్డు ఉంచే సంస్థలు ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ పంపే సీఏఎస్ వేరు. అందులో మీ దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయో ఉంటుంది, ఎంతకి కొన్నారో ఉండదు. లాభం లెక్కకి పనికిరాదు, సంఖ్య సరిచూసుకోవడానికి మాత్రం బంగారం.

ఏ టూల్ వాడమంటారు?

పేరు చెప్పమంటే చెప్తాను కానీ మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. క్లియర్‌ట్యాక్స్, క్వికో లాంటివి బ్రోకర్ ఫైల్ తీసుకుని నేరుగా రిటర్న్‌లో పెట్టేస్తాయి. పది పదిహేను అమ్మకాలు ఉన్న ఉద్యోగికి అది సుఖం. మ్యూచువల్ ఫండ్స్ ఒక్కటే ఉండి, కాస్త కంప్యూటర్ పరిచయం ఉంటే కాస్‌పార్సర్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీ ఉంది. క్యామ్స్-కేఫిన్‌టెక్ పీడీఎఫ్ ఇస్తే ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లెక్కగట్టి, రిటర్న్‌లో షేర్లు, ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాలిక లాభాలు రాసే షెడ్యూల్ 112ఏకి సరిపడే సీఎస్‌వీ కూడా తీసిస్తుంది. అంతా మీ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది, ఫైల్ ఎక్కడికీ పోదు. నేను మా అమ్మ ఫండ్స్‌కి ఇదే వాడతాను.

నాలుగు ఖాతాలు, పాత షేర్లు, డీమెర్జర్లు ఉన్నవాళ్లకి మాత్రం నా మాట ఎక్సెల్ అనే. బోర్ కొట్టే పనే, కానీ ఏ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో నోటీసు వచ్చిన రోజు చూపించగలుగుతారు.

పీడీఎఫ్ నుంచి పట్టిక తీస్తే వరుసలు కలిసిపోతున్నాయి, ఏం చేయాలి?

ముందు పీడీఎఫ్ తెరిచి మౌస్‌తో ఒక అంకెని సెలెక్ట్ చేసి చూడండి. సెలెక్ట్ అయితే అది నిజమైన టెక్స్ట్, ట్యాబులా, క్యామెలాట్, పీడీఎఫ్‌ప్లంబర్ లాంటి పట్టిక తీసే టూల్ ఏదైనా పని చేస్తుంది. అవ్వకపోతే స్కాన్ చేసిన బొమ్మ, దాని జోలికి వెళ్లకుండా అసలు ఫైల్ కోసం బ్రోకర్‌కి మెయిల్ పెట్టడం మేలు. పాస్‌వర్డ్ చాలా వాటికి మీ పాన్ నంబరే. క్యామ్స్ సీఏఎస్‌కి మాత్రం అడిగేటప్పుడు మీరు పెట్టుకున్నది.

ఫండ్ పేరు రెండు లైన్లకి విరిగితే అది రెండు లావాదేవీలుగా మారిపోతుంది. జులై 2020 నుంచి ఫండ్ కొనుగోళ్ల మీద 0.005 శాతం స్టాంప్ డ్యూటీ పడుతోంది కదా, అది సీఏఎస్‌లో విడిగా ఒక వరుసలో వస్తుంది. దాన్ని చూసి తికమకపడే స్క్రిప్ట్‌లు బోలెడు. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. సీఏఎస్‌లో ప్రతి లావాదేవీ పక్కన మిగిలిన యూనిట్లు ఉంటాయి. పై వరుసలో మిగిలినవాటికి ఈ వరుస యూనిట్లు కలిపితే లేదా తీసేస్తే ఈ వరుసలో మిగిలినవి రావాలి. ఎక్కడ రాలేదో అక్కడ ఒక లైన్ ఎగిరిపోయినట్టే. ఎక్సెల్‌లో ఒక కాలమ్ ఫార్ములాతో అయిపోయే పని.

తేదీల దగ్గర అంత జాగ్రత్త అవసరమా?

అవసరమే, ఎందుకో చెప్తాను. 23 జులై 2024న రేట్లు మారాయి. లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్స్ మీద స్వల్పకాలిక (పన్నెండు నెలలు దాటకుండా అమ్మితే వచ్చే) లాభానికి 15 నుంచి 20 శాతానికి, దీర్ఘకాలికానికి 10 నుంచి 12.5 శాతానికి పెరిగింది. ఇప్పుడు మీ స్టేట్‌మెంట్‌లో 07/08/2024 అని ఉందనుకోండి. మనకది ఆగస్టు 7. ల్యాప్‌టాప్‌లో ప్రాంతం అమెరికా అని సెట్ అయి ఉంటే ఎక్సెల్ దాన్ని జులై 8గా చదువుతుంది. అంటే పెరిగిన రేటు పడాల్సిన అమ్మకం పాత రేటులోకి దూరిపోయింది, ఎవరికీ తెలియకుండా. పైగా 25/08/2024 లాంటివి దానికి అర్థంకాక మామూలు టెక్స్ట్‌గా వదిలేస్తుంది కాబట్టి ఒకే కాలమ్‌లో కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు అంటుకుని కనిపిస్తాయి. అలా కనిపిస్తే ఆగిపోండి. ఫైల్ డబుల్ క్లిక్ చేసి తెరవకుండా డేటా మెనూలోంచి దిగుమతి చేసుకుని, ఆ కాలమ్‌కి రోజు-నెల-ఏడు అని చెప్పండి.

2025-26 లో జరిగిన అమ్మకాలకి ఈ రేట్ల గొడవ లేదు, అన్నీ కొత్తవే. కానీ పన్నెండు నెలలు దాటిందా లేదా అనే లెక్కకి తేదీ ఎలాగూ కావాలి.

స్ప్లిట్ అయిన షేర్ అమ్మితే కొన్న ధర సున్నా అని చూపిస్తోంది!

స్ప్లిట్ అంటే ఒక షేర్‌ని తక్కువ ముఖ విలువ ఉన్న షేర్లుగా విడగొట్టడం, అప్పుడు ఐసిన్ (ప్రతి షేర్‌కి ఉండే గుర్తింపు కోడ్) నంబర్ మారుతుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేర్ 2019లో 2 రూపాయల నుంచి 1 రూపాయికి స్ప్లిట్ అయినప్పుడు ఐసిన్ చివర 026 ఉన్నది 034 అయింది. ఐసిన్‌తో జత కలిపే టూల్‌కి 034 అమ్మకం కనిపిస్తుంది, 034 కొనుగోలు కనిపించదు, అంతే, కొన్న ధర సున్నా. పాత ఐసిన్‌ని కొత్త దానికి కలిపే చిన్న పట్టిక ఒకటి మీరే పెట్టుకుని, సంఖ్యని రెట్టింపు చేసి, ధరని సగం చేయాలి. కొన్న తేదీ మాత్రం పాతదే ఉంటుంది.

పేర్లతో జత కలిపే టూల్స్ ఇంకా ఘోరం. ఒకచోట రిలయన్స్ అని ఉంటుంది, బీఎస్‌ఈలో కొన్నదానికి 500325 అని ఉంటుంది, రెండూ ఒకటేనని దానికి ఎవరు చెప్పాలి?

బోనస్, డీమెర్జర్ కూడా అంతేనా?

ఇవి వేరే. రిలయన్స్‌నే తీసుకుందాం, మనవాళ్లలో అది లేని ఇల్లు తక్కువ కదా. 2021లో ఒక షేర్ 2,000 రూపాయలకి కొన్నారనుకోండి. 2023 జులైలో జియో ఫైనాన్షియల్ విడిపోయింది. కంపెనీ ప్రకటించిన నిష్పత్తి ప్రకారం మీ ఖర్చులో 95.32 శాతం రిలయన్స్‌లో ఉంటుంది, 4.68 శాతం జియో ఫైనాన్షియల్‌కి వెళ్తుంది. అంటే 1,906.40, 93.60. రెండింటికీ కొన్న తేదీ 2021లోదే. తర్వాత 2024 అక్టోబర్‌లో ఒకటికి ఒకటి చొప్పున ఉచితంగా బోనస్ షేర్ వచ్చింది. బోనస్ షేర్ ధర సున్నా, తేదీ అది మీకు కేటాయించిన రోజు. స్ప్లిట్‌లో లాగా 1,906.40ని రెండుగా పంచకూడదు. సగటు ధర చూపించే యాప్ స్క్రీన్ మాత్రం పంచేసి చూపిస్తుంది, అది చూసుకుని సంతోషపడటానికే తప్ప రిటర్న్‌కి కాదు.

టూల్ ఈ లెక్క సరిగ్గా చేస్తోందో లేదో తేల్చుకోవాలంటే దానికి ఈ ఒక్క షేర్ ఇచ్చి చూడండి. జియో ఫైనాన్షియల్ ధర సున్నా అని చూపించిందంటే ఆ టూల్‌ని డీమెర్జర్ల విషయంలో నమ్మక్కర్లేదు.

2018 కంటే ముందు కొన్న షేర్లకి ఏదో ప్రత్యేక లెక్క ఉందటగా?

ఉంది. 31 జనవరి 2018 నాటికి మీ దగ్గర ఉన్న లిస్టెడ్ షేర్లకి ఆ రోజు ఎక్స్ఛేంజ్‌లో పలికిన గరిష్ఠ ధర చూడాలి. ఆ ధర, అమ్మిన ధర, ఈ రెండింట్లో తక్కువది తీసుకోండి. దాన్ని మీ అసలు కొన్న ధరతో పోల్చి ఎక్కువది తీసుకోండి. అదే మీ ఖర్చు. 2015లో 100కి కొన్నారు, ఆ రోజు గరిష్ఠం 180, ఇప్పుడు 300కి అమ్మారు: ఖర్చు 180, లాభం 120. అదే షేర్ 150కి అమ్మితే ఖర్చు 150, లాభమూ లేదు నష్టమూ లేదు. టూల్ ఇక్కడ 30 రూపాయల నష్టం చూపిస్తే తప్పు చేసినట్టు.

ఇలాంటి పాత షేర్లని షెడ్యూల్ 112ఏలో ఒక్కొక్కటిగా ఐసిన్‌తో రాయాలి. ఆ తేదీ తర్వాత కొన్నవాటిని మొత్తం కలిపి ఒకే వరుసలో రాసుకోవచ్చు. ఇది తెలియక రెండు వందల వరుసలు కూర్చుని టైప్ చేసినవాళ్లున్నారు. పోర్టల్ ఇచ్చే సీఎస్‌వీ నమూనాలో కాలమ్‌ల వరుస మాత్రం మార్చకండి, శీర్షిక కూడా ముట్టుకోకండి.

రెండు డీమ్యాట్ ఖాతాలున్నాయి. రెండూ కలిపి ముందు కొన్నది ముందు అమ్మినట్టు లెక్క వేయాలా?

వద్దు. ఏ ఖాతాకి ఆ ఖాతానే. ఆదాయపు పన్ను వ్యవహారాలు చూసే బోర్డు సీబీడీటీ 1998లోనే 768 నంబర్ సర్క్యులర్‌లో ఇది చెప్పింది. ఒక ఖాతాలో 2020లో కొన్న 100 షేర్లు, రెండో ఖాతాలో పోయిన నెల కొన్న అవే కంపెనీ 100 షేర్లు ఉన్నాయి. రెండో ఖాతా నుంచి అమ్మితే అది స్వల్పకాలికం, 20 శాతం. రెండు ఫైళ్లూ ఒకే కుప్పలో పోసే టూల్ దాన్ని దీర్ఘకాలికం అని రాసేస్తుంది. కాబట్టి ఒక్కో ఖాతాని విడిగా నడిపించి, చివర్లో మొత్తాలు మాత్రమే కలపండి.

పాత బ్రోకర్ నుంచి కొత్త బ్రోకర్‌కి షేర్లు మార్చుకున్నాను. ఇప్పుడు ఏఐఎస్‌లో (పన్ను శాఖ చూపించే మన లావాదేవీల స్టేట్‌మెంట్‌లో) అమ్మినట్టు పడింది.

మీ ఖాతా నుంచి మీ ఖాతాకే మారితే అది అమ్మకం కాదు, పన్ను లేదు. ఏఐఎస్‌లో అది తప్పుగా పడితే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది, ఇవ్వండి. ఏఐఎస్‌లో అమ్మిన విలువ సరిచూసుకోవడానికి బాగుంటుంది కానీ అక్కడ కనిపించే కొన్న ధర మీద మాత్రం ఆధారపడొద్దు. చాలాసార్లు ఖాళీ, లేదంటే ఏదో అంచనా.

నా అనుభవం ఒకటి. కొన్నేళ్ల కిందట ఒక బ్రోకర్ దుకాణం సర్దేశాడు, నా షేర్లు వేరేచోటికి వెళ్లాయి. కొత్తచోట కొన్న ధర కాలమ్ మొత్తం బదిలీ అయిన రోజు ధరతో నిండిపోయింది. నేను చూసుకోకుండా రిటర్న్ వేసేసి, ఆర్నెల్ల తర్వాత వేరే ఏదో వెతుకుతుంటే కంటబడింది. మెయిల్‌లో మూలన పడున్న కాంట్రాక్ట్ నోట్లు (బ్రోకర్ పంపే లావాదేవీ రసీదులు) వెతికి రివైజ్డ్ రిటర్న్ వేశాను. కొత్త ఖాతాలో బయటి నుంచి వచ్చిన షేర్లకి కొన్న తేదీ, ధర మనమే ఎక్కించుకునే వీలు ఉంటుంది, ముందు అది చేయండి.

నాన్నగారు ఇచ్చినవైనా, ఆయన తర్వాత మీకు సంక్రమించినవైనా ఆయన కొన్న ధర, ఆయన కొన్న తేదీయే మీకు వర్తిస్తాయి.

బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ మీద పడే పన్ను) లాభంలోంచి తీసేయొచ్చా?

ఎస్‌టీటీ తీయకూడదు. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, వాటి మీద జీఎస్‌టీ తీయొచ్చు. డీమ్యాట్ ఖాతాకి ఏడాదికోసారి కట్టే ఫీజు తీయకూడదు. కొన్ని రిపోర్టులు ఛార్జీలని లాభంలో కలపకుండా వేరే పేజీలో ఇస్తాయి, కొన్ని ఎస్‌టీటీతో సహా మొత్తం ఒకే అంకెగా ఇస్తాయి. చిన్న మొత్తాలే, జుట్టు పీక్కోవాల్సిన పని లేదు.

ఇంట్రాడే (కొన్నరోజే అమ్మడం), ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) కూడా ఇదే టూల్‌లో వస్తాయా?

వస్తాయి కానీ అవి కాపిటల్ గెయిన్స్ కావు. ఇంట్రాడే స్పెక్యులేటివ్ వ్యాపారం, ఎఫ్ అండ్ ఓ మామూలు వ్యాపారం. ఇవి ఉంటే రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-2 చాలదు, ఐటీఆర్-3 వేయాలి.

సిప్, ఎస్‌టీపీ, స్విచ్... వీటిలో ఏది అమ్మకం?

ప్రతి సిప్ వాయిదా ఒక విడి కొనుగోలు, దాని ఏడాది దానిదే. ఎస్‌టీపీలో (ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కి విడతలుగా మార్చడంలో) బయటికి వెళ్లే ప్రతి వాయిదా అమ్మకమే. రెగ్యులర్ ప్లాన్ నుంచి డైరెక్ట్ ప్లాన్‌కి మారడం కూడా అమ్మకమే, డబ్బు మీ బ్యాంకులోకి రాకపోయినా సరే. "నేనేమీ అమ్మలేదు బావా" అని మా బావమరిది వాదించింది దీని గురించే.

1 ఏప్రిల్ 2023 నుంచి కొన్న డెట్ ఫండ్స్‌కి ఎన్నేళ్లు ఉంచినా మీ స్లాబ్ రేటే. పాతవాటిని 23 జులై 2024 నుంచి అమ్మితే, రెండేళ్లు దాటినవాటికి 12.5 శాతం. టూల్ వీటిని ఈక్విటీతో కలిపేయకుండా చూసుకోండి.

బైబ్యాక్‌లో (కంపెనీ తన షేర్లని తానే తిరిగి కొన్నప్పుడు) ఇచ్చిన షేర్లు?

1 అక్టోబర్ 2024 నుంచి, ఈ పేజీలో చెప్పుకుంటున్న 2025-26 వరకు, బైబ్యాక్‌లో వచ్చిన డబ్బు మొత్తం డివిడెండ్ కింద లెక్క. మీరు పెట్టిన కొన్న ధర మొత్తం కాపిటల్ నష్టం. 2025 నవంబర్‌లో ఇన్ఫోసిస్ 1,800 చొప్పున కొన్నప్పుడు ఇచ్చినవాళ్లకి ఇదే వర్తిస్తుంది. బ్రోకర్ రిపోర్ట్ దీన్ని మామూలు అమ్మకంగా చూపించిందేమో చూసుకుని, అమ్మిన ధరని సున్నా చేయండి.

మా కంపెనీ అమెరికాది, ఆర్‌ఎస్‌యూలు (ఉద్యోగంలో కొన్నాళ్లయ్యాక దక్కే కంపెనీ షేర్లు) ఇస్తుంది. అక్కడి బ్రోకర్ ఫైల్ ఎక్కిస్తే సరిపోతుందా?

హైటెక్ సిటీ నుంచి వచ్చే ప్రశ్నల్లో మొదటిది ఇదే. సరిపోదు. అక్కడి స్టేట్‌మెంట్ డాలర్లలో, జనవరి నుంచి డిసెంబర్ వరకు ఉంటుంది. మనకి లాభం ఏప్రిల్ నుంచి మార్చి వరకు కావాలి, కానీ రిటర్న్‌లో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏకి మాత్రం మళ్లీ క్యాలెండర్ సంవత్సరమే కావాలి. ఒకే ఫైల్‌ని రెండు రకాలుగా కోయాలన్నమాట.

కొన్న ధర అంటే షేర్ వెస్ట్ అయిన (మీకు దక్కిన) రోజు మార్కెట్ విలువ, ఎందుకంటే దాని మీద జీతంలో పన్ను కట్టేశారు. అక్కడి బ్రోకర్ ఫైల్‌లో ఇది ఒక్కోసారి సున్నా అని వస్తుంది. అలాగే ఎక్కిస్తే ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను కడతారు. మన దగ్గర వీటికి దీర్ఘకాలికం అంటే 24 నెలలు. రూపాయల్లోకి మార్చడానికి రూల్ 115 ప్రకారం, అమ్మిన నెలకి ముందు నెల చివరి రోజు స్టేట్ బ్యాంక్ టీటీ బయింగ్ రేటు (బ్యాంకు మన దగ్గర డాలర్లు కొనే రేటు). గూగుల్ చూపించే రేటు కాదు. పాత రోజుల రేట్లు రోజూ దాచిపెట్టే పట్టికలు గిట్‌హబ్‌లో దొరుకుతాయి.

చాట్‌బాట్‌కి పీడీఎఫ్ ఇచ్చి లెక్క చెప్పమంటే?

నేను ప్రయత్నించాను. అందంగా పట్టిక వేసి ఇచ్చింది, అందులో రెండు అమ్మకాలు లేవు, మొత్తం మాత్రం చాలా ధీమాగా చెప్పింది. దాంతో లెక్క చేయించొద్దు, లెక్క చేసే పైథాన్ స్క్రిప్ట్ రాయించుకోండి, ఆ స్క్రిప్ట్‌ని మీ కంప్యూటర్‌లో నడపండి. స్టేట్‌మెంట్‌లో మీ పాన్, చిరునామా, ఫోన్ అన్నీ ఉంటాయని కూడా గుర్తుంచుకోండి.

అంతా అయ్యాక ఏం సరిచూసుకోవాలి?

మూడు చూడండి. అమ్మిన మొత్తం విలువ ఏఐఎస్‌కి దగ్గరగా ఉందా. కొన్నవాటిలోంచి అమ్మినవి తీసేస్తే మిగిలే సంఖ్య మార్చి 31 నాటి డీమ్యాట్ హోల్డింగ్‌కి సరిగ్గా సరిపోయిందా, ఒక్క షేర్ తేడా ఉన్నా వదలొద్దు. కొన్న ధర సున్నా ఉన్న ప్రతి వరుసా బోనస్సేనా. లాభం అంకె చూసుకోవడం వీటన్నిటి తర్వాత.

ఐటీఆర్-2లో లాభాన్ని జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 గడువుల ప్రకారం విడగొట్టి కూడా రాయాలి, అడ్వాన్స్ ట్యాక్స్ వడ్డీ దాన్నిబట్టే పడుతుంది. టూల్ ఇది ఇవ్వకపోతే పివట్ టేబుల్‌తో ఐదు నిమిషాల పని.

లాభం 1.25 లక్షల లోపే. ఇంత తతంగం ఎందుకు?

లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్స్ మీద దీర్ఘకాలిక లాభం ఒక్కటే ఉండి, అది 1.25 లక్షలు దాటక, పాత నష్టాలేవీ మోసుకు రాకపోతే 2024-25 నుంచి ఐటీఆర్-1లోనే చూపించేయొచ్చు. పన్ను పడదు. ఒక్క రూపాయి స్వల్పకాలిక లాభం ఉన్నా ఐటీఆర్-2కి పోవాల్సిందే. నష్టం ఉంటే మాత్రం బద్ధకించకండి, గడువు లోపల రిటర్న్ వేస్తేనే దాన్ని ఎనిమిదేళ్ల పాటు ముందుకి తీసుకెళ్లొచ్చు.

నా ఫైల్ పంపిస్తే చూసి పెడతారా?

పంపకండి. పాన్ నంబర్, పేరు చెరిపేసి, లెక్క తేడా వస్తున్న ఆ ఒక్క షేర్ వరుసలు మాత్రం అతికించండి, చూస్తాను. జులై చివరి వారంలో మాత్రం అడగొద్దు, అప్పుడు మా మేనత్త లెక్క నడుస్తుంటుంది, ఆవిడవి ఆరు ఖాతాలు.